మన కొట్టు గురించి ఏ భాషలో ఏమంటున్నారో వింటున్నామా?

మన కుటుంబాల్లో వ్యాపారం లేని ఇల్లు తక్కువ. బళ్ళారిలో బట్టల కొట్టు, హోసూరులో మెస్సు, కోయంబత్తూరులో మోటారు పంపుల విడిభాగాలు, బరంపురంలో పట్టుచీరలు, షోలాపూర్‌లో చద్దర్లు, యానాంలో ఫ్యాన్సీ షాపు. తాత పెట్టిన కొట్టును మనవడు నడుపుతున్న ఇళ్ళు మనందరికీ తెలిసినవే. తాతగారి రోజుల్లో తన కొట్టు గురించి ఊరేమనుకుంటోందో తెలుసుకోవడానికి పెద్ద కష్టం లేదు. ఎదురుగా ఉన్న టీ బడ్డీలో పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఉప్పు ఎక్కువైందన్న మాట కూడా సాయంత్రానికల్లా చెవిన పడేది. ఎదుటి కొట్టువాడు ధర తగ్గిస్తే ఆ సంగతి అంతకంటే ముందే తెలిసేది.

ఇప్పుడా మాటలు ఆగిపోలేదు, ఫోన్‌లోకి మారాయి. గూగుల్ మ్యాప్స్ కింద, యూట్యూబ్ వీడియోల కింద, ఊరి పేరుతో నడిచే ఫేస్‌బుక్ గ్రూపుల్లో, జస్ట్‌డయల్, జొమాటో, స్విగ్గీలలో జరుగుతున్నాయి. పైగా మనకి ఇంకో చిక్కుంది. ఆ మాటలు మనం ఇంట్లో మాట్లాడే భాషలో ఉండవు. కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటాయి, లేదా వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన కలగాపులగంలో ఉంటాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో వ్యాపారం చేసేవారికి ఎవరో తయారుచేసిచ్చిన సలహాలు మనకి సగమే పనికొస్తాయి. మిగతా సగం మనమే చూసుకోవాలి. ఈ వ్యాసంలో మేము ఎక్కువగా చెప్పేది ఆ మిగతా సగం గురించే.

ముందు ఒక లెక్క. అప్పట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడిగా ఉన్న మైఖేల్ లూకా అమెరికాలోని సియాటిల్ నగరంలో హోటళ్ళ ఆదాయాన్నీ, యెల్ప్ అనే రివ్యూల సైట్‌లో వాటికొచ్చిన నక్షత్రాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగిందని తేలింది. అందులో మనం పట్టుకోవలసిన సంగతి వేరే ఉంది. ఆ ప్రభావం సొంతంగా నడుపుకునే హోటళ్ళకే కనిపించింది, ఊరూరా శాఖలున్న గొలుసు హోటళ్ళకు కనిపించలేదు. పెద్ద కంపెనీ పేరు జనానికి ముందే తెలుసు. మన మెస్సు పేరు వీధి చివర ఉన్నవారికి తప్ప తెలియదు, కాబట్టి కొత్తగా వచ్చినవాడు నక్షత్రాలనే నమ్ముతాడు. సియాటిల్ అంకె హోసూరుకు అలాగే వర్తిస్తుందని మేము అనం. కానీ చిన్న కొట్టుకే ఈ మాటలు ఎక్కువ తగులుతాయన్నది ఎక్కడైనా నిజమే.

మొదట మ్యాప్‌లో మన చోటు మనదేనా?

రివ్యూలు చదవడానికి ముందు చూడవలసింది ఇది. మీరు ఎప్పుడూ నమోదు చేయకపోయినా మీ కొట్టు గూగుల్ మ్యాప్స్‌లో ఉండే అవకాశముంది. ఎవరో వినియోగదారుడు చేర్చి ఉంటాడు. ఆ చోటును మీ పేరు మీద తీసుకోవడానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అనే ఉచిత సదుపాయం ఉంది. ఫోన్ ద్వారానో, కొట్టు లోపలా బయటా వీడియో తీసి పంపడం ద్వారానో మీరే యజమాని అని నిరూపించుకోవాలి. దీనికి డబ్బు అడిగే ఏజెంటు ఫోన్ చేస్తే పెట్టేయండి. గూగుల్ దీనికి రుసుము తీసుకోదు.

ఎందుకింత పట్టుబడుతున్నామంటే, మ్యాప్‌లో ఏ కొట్టు వివరాలనైనా ఎవరైనా మార్చమని సూచించవచ్చు. పనివేళలు, ఫోన్ నంబరు, చివరికి ‘శాశ్వతంగా మూసివేశారు’ అన్న ముద్ర కూడా. చెడ్డ రివ్యూ కంటే ఈ ముద్ర ప్రమాదం. చెడ్డ రివ్యూ చదివినవాడు పది మందిలో ముగ్గురు వెనక్కిపోతారేమో, మూసేశారని చదివినవాడు ఒక్కడూ రాడు. మీకేమో జనం ఎందుకు తగ్గారో అర్థం కాదు. ఫోన్ నంబరు మార్చడంలో మోసం కూడా ఉంది. 2018లో మ్యాప్స్‌లో బ్యాంకు శాఖల ఫోన్ నంబర్లను మోసగాళ్ళు తమ నంబర్లతో మార్చి ఖాతాదారుల వివరాలు రాబట్టిన సంగతి మహారాష్ట్ర పోలీసుల దృష్టికి వచ్చింది. ప్రొఫైల్ మీ చేతిలో ఉంటే మార్పు జరిగినప్పుడు మీకు తెలుస్తుంది, వెంటనే సరిచేయవచ్చు. నెలకోసారి మీ కొట్టును మీ ఫోన్‌లో కాకుండా ఇంకెవరి ఫోన్‌లోనైనా వెతికి, కనిపించిన నంబరుకు డయల్ చేసి చూడండి. మీ కౌంటరు మీదే మోగాలి.

ఒకే పేరు, ఎన్ని రాతలు!

ఇక వెతకడం. మన పేర్లు అన్ని భాషల్లోనూ ఉన్నవే, కానీ అన్ని చోట్లా ఒకేలా రాయరు. లక్ష్మి అన్న పేరే తీసుకోండి. మహారాష్ట్రలో, ఒడిశాలో ఇంగ్లీషులో రాసేటప్పుడు మధ్యలో ఎక్స్ వాడతారు. తమిళనాడు, కర్ణాటకలలో కె-ఎస్-హెచ్ వాడేవారు ఎక్కువ. గాయత్రి అన్న పేరులోని ‘త’కు దక్షిణాన టి-హెచ్ రాస్తాం, షోలాపూర్‌లో ఉత్తి టి రాస్తారు. తమిళ లిపిలో ‘క’, ‘గ’ రెండింటికీ ఒకటే అక్షరం. ‘ప’, ‘బ’ సంగతీ అంతే. అందుచేత మీ బాలాజీ స్టోర్స్ తమిళంలో చదివితే పాలాజీ అవుతుంది. ఒడియా నోట ‘వ’ కాస్త ‘బ’, ‘భ’ల వైపు జరుగుతుంది. వెంకటేశ్వర ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి మొదటి అక్షరమే మారిపోయినా ఆశ్చర్యం లేదు.

ఒక్క రాతతో వెతికి ‘మన గురించి ఎవరూ ఏమీ అనలేదు’ అని తృప్తిపడేవారు చాలామంది. అన్నారు, వేరే అక్షరాల్లో అన్నారు.

కాబట్టి ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితం మీద మీ కొట్టు పేరు ఎన్ని రకాలుగా రాయవచ్చో రాయండి. తెలుగులో, ఆ రాష్ట్ర భాషలో, ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా. తరవాత జనం నిజంగా పిలిచే పేరు రాయండి. ఇది చాలా ముఖ్యం. బోర్డు మీద శ్రీ వెంకటేశ్వర భోజనశాల అని ఉంటుంది, ఊళ్ళో అందరూ ‘బస్టాండ్ ఆంధ్ర మెస్’ అంటారు, ‘నాయుడు కొట్టు’ అంటారు, ‘తెలుగాయన షాపు’ అంటారు. ఫేస్‌బుక్ గ్రూపులో ఎవరైనా అడిగితే ఆ పేరుతోనే అడుగుతారు. వీధి పేరు, దగ్గరి గుర్తు కూడా చేర్చండి. పన్నెండో పదిహేనో పేర్లు తేలతాయి. వెతకడానికి అవే మీ తాళం చెవులు.

వెతికేటప్పుడు పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ మాటలు అదే వరుసలో ఉన్నవే వస్తాయి. అదే పేరుతో వేరే ఊళ్ళో ఉన్న కొట్లు అడ్డం వస్తుంటే, ఆ ఊరి పేరు ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు పెడితే అవి తగ్గుతాయి. యూట్యూబ్‌లో వెతికాక అప్‌లోడ్ తేదీ ప్రకారం వడకట్టుకోవాలి, లేకపోతే అయిదేళ్ళనాటి వీడియోలే పైన కనిపిస్తాయి. తిండి వీడియోలు తీసేవారు మీ మెస్సుకు వచ్చి వెళ్ళిన సంగతి మీకు తెలియకపోవచ్చు. వీడియో కంటే దాని కింద ఊరివాళ్ళు రాసిన మాటలే విలువైనవి.

ఈ పని రోజూ చేయనక్కరలేకుండా గూగుల్ అలర్ట్స్ అనే ఉచిత సదుపాయం ఉంది, 2003 నుంచీ ఉంది. మీ పేర్లు ఒక్కొక్కటే అందులో పెడితే, వార్తల్లో, వెబ్‌సైట్లలో ఆ పేరు కొత్తగా కనిపించినప్పుడు మెయిల్ వస్తుంది. వెంటనేనా, రోజుకోసారా, వారానికోసారా అన్నది మీ ఇష్టం. భాష ఎంచుకునే వీలూ ఉంది, కాబట్టి ఒక్కో లిపికి ఒక్కో అలర్ట్ వేరుగా పెట్టుకోండి. దీని మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. మ్యాప్స్ రివ్యూలు, ఇన్‌స్టాగ్రామ్ మాటలు, మూసి ఉన్న ఫేస్‌బుక్ గ్రూపులు దీనికి అందవు. ఊరి పత్రికలో మీ వీధి గురించి వార్త వస్తే మాత్రం పట్టిస్తుంది.

వాట్సాప్ గురించి అందరూ అడుగుతారు. వాట్సాప్ మాటలు పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప ఎవరికీ కనిపించవు. మీ పోటీదారుడి గ్రూపులో ఏం మాట్లాడుతున్నారో చూపించే యాప్ అంటూ ఎవరైనా అమ్మజూపితే అది మోసమైనా అయి ఉండాలి, నేరమైనా అయి ఉండాలి. ఇతరుల ఫోన్‌లోకి అనుమతి లేకుండా దూరడం ఐటీ చట్టం కింద శిక్షార్హం. వాట్సాప్‌లో వినడానికి ఉన్న దారి పాత దారే. నాలుగు గ్రూపుల్లో ఉన్న నమ్మకమైన ఖాతాదారుణ్ణి ‘మన గురించి ఏమైనా వస్తే నాకు చెప్పన్నా’ అని అడగడమే.

చదివింది అర్థమైందా?

మ్యాప్స్‌లో వేరే భాషలో ఉన్న రివ్యూను ఫోన్ అనువదించి చూపిస్తుంది. పైపైన తెలుసుకోవడానికి సరే, దాన్ని నమ్ముకుని జవాబు మాత్రం రాయకండి. అసలు రాతను చూపించే వీలుంటుంది, అది నొక్కి, ఆ భాష చదవగలిగినవారి చేత చదివించండి. ఒక ఉదాహరణ చాలు. తమిళంలో ‘సాప్పాడు సుమార్’ అని రాస్తే తెలుగు చెవికి ‘సుమారు’ అన్న మాట వినిపిస్తుంది, ఎంతో లెక్క చెప్తున్నాడనుకుంటాం. తమిళంలో దాని అర్థం ‘భోజనం అంతంత మాత్రం’ అని. అలాగే మరాఠీవాళ్ళు ‘ఝణఝణీత్’ అని రాస్తే మంట పుట్టిందని తిడుతున్నారనుకుని క్షమాపణలు చెప్పేరు! అది మెచ్చుకోలు. కారం ఘాటుగా, హుషారుగా ఉందని.

ఇక్కడ మన ఇళ్ళలో ఉన్న ఒక బలాన్ని మనం వాడుకోవడం లేదని మేము అనుకుంటాం. పెద్దవాళ్ళకు తెలుగు చదవడం వచ్చు, స్థానిక భాష మాట్లాడగలరు గానీ వేగంగా చదవలేరు. పిల్లలు అందుకు సరిగ్గా తలకిందులు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక చదువుకున్న పిల్లలకు తమిళం కొట్టినపిండి. ఆ చట్టం వల్ల మన తెలుగు బడులకు జరిగిన నష్టం వేరే కథ, దాని మీద మా అభిప్రాయాలు మాకున్నాయి. కానీ వచ్చిన విద్యను వదులుకోవడం దేనికి? కాలేజీకి వెళ్ళే అమ్మాయి వారానికి అరగంట కూర్చుని రివ్యూలు చదివి నాన్నకు తెలుగులో చెప్తే, ఏ కంపెనీ సాఫ్ట్‌వేరూ అంతకంటే బాగా చేయలేదు. చెప్పేటప్పుడు నాన్న నొచ్చుకుంటాడని మెత్తబరచకుండా చెప్పాలి. నాన్న కూడా ‘వాడెవడో పనిలేనివాడు’ అని కొట్టిపారేయకుండా వినాలి. రెండోదే కష్టం.

చదివినదాన్ని ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. తేదీ, ఎక్కడ, ఏమన్నారు, మనమేం చేశాం, అంతే. రాసుకోకపోతే చివరగా చదివిన తిట్టు ఒక్కటే గుర్తుంటుంది. ఒకరు సాంబారు చల్లగా ఉందంటే అది ఆ రోజు సంగతి. ఒకే నెలలో ముగ్గురు అంటే వంటింట్లో ఏదో మారింది. రాత్రి తొమ్మిది దాటాక వచ్చినవారే అంటున్నారంటే ఏం మారిందో కూడా తెలిసిపోతుంది.

ఎదుటి కొట్టు

పోటీదారుడి గురించి జనం ఏమంటున్నారో చదవడం తప్పేమీ కాదు. అవి అందరికీ కనిపించేలా రాసిన మాటలు. మా సలహా ఏమిటంటే అయిదు నక్షత్రాలవీ, ఒక నక్షత్రానివీ వదిలేసి మూడు నక్షత్రాల రివ్యూలు చదవండి. అయిదు ఇచ్చినవాడు చుట్టం కావచ్చు, ఒకటి ఇచ్చినవాడు ఆ రోజు కోపంలో ఉండవచ్చు. మూడిచ్చినవాడు కూర్చుని ఆలోచించి రాస్తాడు. ‘చీరలు బాగున్నాయి, కానీ బ్లౌజు గుడ్డ విడిగా ఇవ్వరు’, ‘భోజనం బాగుంది, పార్సిల్‌కు అరగంట’. మీరు రేపు చేయగలిగిన పనేదో ఆ ‘కానీ’ తరవాతే ఉంటుంది.

పోటీదారు ప్రకటనలు చూడటానికీ దారుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల మాతృసంస్థ మెటా నడిపే యాడ్ లైబ్రరీలో ఏ పేజీ పేరు కొట్టినా ప్రస్తుతం ఆ పేజీ నడుపుతున్న ప్రకటనలు కనిపిస్తాయి. గూగుల్‌కు కూడా యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ అని ఉంది. పండుగకు రెండు వారాల ముందు చూస్తే ఎదుటివాడు ఏ రాయితీ ఇస్తున్నాడో, ఏ భాషలో ఇస్తున్నాడో తెలుస్తుంది. బరంపురంలో చీరల కొట్టువాడు ఒడియాలో మాత్రమే ప్రకటన ఇస్తున్నాడంటే, తెలుగు ఖాతాదారుల కోసం మీరు తెలుగులో ఇవ్వడానికి ఖాళీ ఉన్నట్టే. గూగుల్ ట్రెండ్స్ కూడా కొందరు చూస్తారు. అందులో కనిపించే అంకెలు ఎంతమంది వెతికారన్న లెక్క కాదు, ఎక్కువ వెతికిన సమయాన్ని 100గా పెట్టి మిగతావాటిని దానితో పోల్చిన కొలత. ఒక వీధి కొట్టు పేరుకు అందులో ఏమీ తేలదు. ‘పట్టుచీర’ లాంటి మాటకు ఏ నెలలో గిరాకీ పెరుగుతుందో చూసుకోవడానికి పనికొస్తుంది.

షోలాపూర్‌వారికి ఈ వినడం ఇంకా అవసరం. తెలంగాణ నుంచి తరతరాల కిందట వెళ్ళిన పద్మశాలీ కుటుంబాల చెమట ఆ మగ్గాల్లో ఉంది. షోలాపూర్ చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ ఉంది. అయినా వేరే ఊళ్ళలో నేసిన దుప్పట్లు అదే పేరుతో చవగ్గా అమ్ముడవుతున్నాయన్నది పాత ఫిర్యాదే. ఆన్‌లైన్ అంగళ్ళలో ఆ పేరు కొట్టి చూస్తే ధర చూసే అనుమానం వచ్చే సరుకు కనిపిస్తుంది. దాని కింద ‘రెండు ఉతుకులకే రంగు పోయింది’ అన్న రివ్యూలు చదివితే అసలు నష్టం అర్థమవుతుంది. వాడెవడో నేసినదానికి మన ఊరి పేరు పోతోంది! ఇలాంటివి కనిపిస్తే సరుకు పేజీ, అమ్మకందారు పేరు, ఆ రివ్యూలు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. జీఐ చట్టం కింద అధీకృత వినియోగదారుగా నమోదైన నేతకారులకు పేరు దుర్వినియోగం మీద కోర్టుకు వెళ్ళే హక్కు ఉంది. నమోదు లేనివారు ముందు ఆ పని చేసుకోవాలి. ఒక్కొక్కరు విడిగా తిట్టుకోవడం కంటే సంఘం తరఫున ఆ స్క్రీన్‌షాట్లన్నీ ఒకచోట చేర్చడం మేలని మా అభిప్రాయం.

జవాబు రాయాలా?

రాయాలి, పొట్టిగా. హోటళ్ళు రివ్యూలకు జవాబులివ్వడం మొదలుపెట్టాక ఏమైందో డేవిడే ప్రొసెర్పియో, జార్జియోస్ జెర్వాస్ అనే ఇద్దరు పరిశోధకులు ట్రిప్‌అడ్వైజర్‌లో చూశారు. రివ్యూలు 12 శాతం పెరిగాయి, సగటు 0.12 నక్షత్రం పెరిగింది. చిన్న అంకెలాగే ఉంటుంది గానీ నాలుగు నక్షత్రాల దగ్గర ఊగిసలాడే హోటల్‌కు అది చిన్నదేమీ కాదు. యజమాని చదువుతాడని తెలిస్తే ఉత్తినే తిట్టిపోయేవారు తగ్గుతారట. తిట్టేవారు వివరంగా తిడతారట. అదీ మనకు లాభమే.

రాసినవారు ఏ భాషలో రాశారో ఆ భాషలోనే జవాబివ్వండి. ‘మీరు వచ్చిన రోజు పార్సిల్ ఆలస్యమైంది, నిజమే. ఆదివారాలు ఇంకొకరిని పెట్టాం. ఈసారి వచ్చినప్పుడు కౌంటర్లో మీ పేరు చెప్పండి’ అన్నంత చాలు. మీ జవాబు ఆ ఒక్కరికోసం కాదు, రేపు చదివే వందమంది కోసం. వారి ఎదుట వాదన పెట్టుకోవద్దు. ఖాతాదారుడు ఏం కొన్నాడు, ఎంత బాకీ ఉన్నాడు, ఏ జబ్బుకు మందు తీసుకున్నాడు అన్నవి జవాబులో అస్సలు రాకూడదు. మందుల షాపులు, క్లినిక్కులు నడిపే మనవాళ్ళు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. రివ్యూ తీసేస్తే డబ్బో బహుమతో ఇస్తామనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. బావమరిది చేత అయిదు నక్షత్రాలు వేయించడం కూడా అంతే, తన వ్యాపారం మీద తనవారు రాయడం, పోటీదారు మీద మనం రాయడం రెండూ నిషేధం. రివ్యూలను ఎలా సేకరించాలి, ఎలా ప్రచురించాలి అన్నదానికి 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. అది స్వచ్ఛందమే. కానీ వినియోగదారుల రక్షణ చట్టం స్వచ్ఛందం కాదు. తప్పుదారి పట్టించే ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదు.

బోర్డు మీద మాట

మనకి ప్రత్యేకంగా వచ్చే ఇంకో రకం మాట ఉంది. అది సరుకు గురించి కాదు, మన గురించి. 2023 డిసెంబరు 27న బెంగళూరులో కన్నడ బోర్డుల కోసం పెద్ద ఆందోళన జరిగింది. బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలని 2024లో చట్టం సవరించారు. మహారాష్ట్రలో మరాఠీ బోర్డుల విషయంలో సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో దుకాణాలకు రెండు నెలల గడువిచ్చింది. ఇలాంటి రోజుల్లో ఒక కొట్టు బోర్డు ఫోటో తీసి ‘వీళ్ళు బయటివాళ్ళు’ అని పెడితే, ఎప్పుడూ ఆ కొట్టుకు రానివారు కూడా వచ్చి ఒక్కో నక్షత్రం వేసి పోతారు.

ఇక్కడ వినడం వల్ల లాభం సమయం. ఊరి గ్రూపుల్లో ఆ గాలి మొదలైనప్పుడే తెలిస్తే బోర్డు సరిచేసుకోవడానికి వారమైనా ఉంటుంది. పోస్టు మీ మీదే వచ్చిందనుకోండి. ముందు బోర్డు చూడండి. చట్టం ప్రకారం లేకపోతే మార్చి, మార్చిన బోర్డు ఫోటోతో స్థానిక భాషలో రెండు ముక్కలు రాయండి. చట్టం ప్రకారమే ఉంటే ఆ ఫోటో ఒక్కటీ పెట్టండి. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నామని, మా తాత ఈ వీధికి బావి తవ్వించాడని చరిత్ర ఎత్తుకోవాలని మనసు కొట్టుకుంటుంది. ఆ వేడిలో అది ఎవరికీ ఎక్కదు. దాన్ని మీ తరఫున పాత ఖాతాదారులు చెప్తేనే వింటారు, వారు చెప్తారు కూడా. మీ కొట్టుకు రానివారు వేసిన నక్షత్రాలను విషయానికి సంబంధం లేనివని ఒక్కొక్కటే గూగుల్‌కు రిపోర్టు చేయండి. యజమాని సొంతంగా రివ్యూ తీసేయలేడు, రిపోర్టు చేయగలడు. తిరస్కరిస్తే ఇంకోసారి అప్పీలు చేసుకోవచ్చు. బెదిరింపు ఉంటే ఆ పోస్టు తొలగకముందే స్క్రీన్‌షాట్, తేదీ, లింకు దాచుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళండి.

సామాజిక మాధ్యమ సంస్థలన్నీ 2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. వారి నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్ళవచ్చు, అందుకు వకీలు అక్కరలేదు. పరువునష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద ఇప్పటికీ నేరమే. పెద్ద కంపెనీలకు ఆ దారి సులువు. కుర్‌కురేలో ప్లాస్టిక్ ఉందన్న పోస్టుల మీద 2018లో ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి వేల పోస్టులకు అడ్డుకట్ట వేయించింది. వీధి కొట్టువాడు ఒక అబద్ధపు రివ్యూ మీద ఏళ్ళ తరబడి కోర్టుకు తిరిగితే మిగిలేది ఖర్చే. అంతదాకా వెళ్ళేది ఎప్పుడో ఒకసారి, చాలా పెద్ద నష్టమైనప్పుడే.

నక్షత్రాల పేరుతో దోపిడీ

ఒక్క రాత్రిలో పదీ ఇరవై ఒక నక్షత్రం రివ్యూలు పడి, మర్నాడు ‘ఇంత పంపితే తీసేస్తాం’ అని మెసేజ్ వస్తే అది ఖాతాదారుల కోపం కాదు. డబ్బు పంపకండి. పంపినవాడు మళ్ళీ అడుగుతాడు. మెసేజ్‌లను చెరపకుండా ఉంచి, రివ్యూలను నకిలీవని రిపోర్టు చేసి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. బెదిరించి డబ్బు గుంజడం న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం.

ఇంకో వింత కూడా కనిపించవచ్చు. ఎక్కడో ఉత్తరాది పేర్లతో, ఒక్క ముక్క కూడా రాయకుండా, మీ కొట్టుకు వరసగా అయిదు నక్షత్రాలు పడుతుంటాయి. సంతోషించకండి. అటువంటివి చాలావరకు ‘ఇంట్లో కూర్చుని రివ్యూలు వేయండి, ఒక్కోదానికి ఇంత ఇస్తాం’ అనే పార్ట్‌టైమ్ ఉద్యోగాల మోసం నుంచి వచ్చేవి. మొదట చిన్న మొత్తాలు నిజంగానే వేస్తారు, నమ్మకం కుదిరాక టెలిగ్రామ్ గ్రూపులోకి లాగి, పెద్ద ‘టాస్క్’ కోసం ముందు మీరే డబ్బు కట్టాలంటారు. 2023 డిసెంబరులో కేంద్ర హోంశాఖ ఈ రకం మోసాలకు వాడే వందకు పైగా వెబ్‌సైట్లను మూయించింది, కానీ మెసేజ్‌లు ఆగలేదు. ఆ నక్షత్రాలు వేస్తున్నవారిలో మన ఇంటి పిల్లలో, ఖాళీగా ఉన్న కోడలో కూడా ఉండవచ్చు. కొట్టు రివ్యూలు చదవడానికి కూర్చున్న రోజునే ఇంట్లో ఎవరికైనా అలాంటి మెసేజ్ వచ్చిందేమో అడగండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే గంట కూడా ఆగకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటకముందే ఫిర్యాదు అందితే బ్యాంకులు దాన్ని నిలిపివేసే వీలుంటుంది. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ నంబరు, పంపిన సమయం, ఏ ఖాతాకు లేక ఏ యూపీఐ ఐడీకి పంపారో చేతిలో పెట్టుకోండి.